పొన్నంకి పిట్ట కూసిన పొద్దు

ఆ వేసవిలో సంధ్య జీడితోటలోకి దిగే ముందు గట్టు మీద ఆగి చాలాసేపు వినేది. కాకులు ఎటు అరుస్తున్నాయి, గోరింకలు నేల మీద మేస్తున్నాయా లేక కొమ్మలెక్కి కూర్చున్నాయా, ఎండుటాకుల్లో ఆ గలగల పిట్టదా, తొండదా, మరింకేదైనా జంతువుదా? అంతా మామూలుగానే ఉందనిపిస్తే వెనక్కి తిరిగి అత్తకు తల ఊపేది. అప్పుడుగానీ ఇద్దరూ దిగేవారు కాదు. అత్త పేరు పెద్దతల్లి. ఆమెకు చెవులు వినపడవు. అందుకని ఇద్దరి తరఫునా వినడం సంధ్య వంతు.

వాళ్ళది మందస నుంచి సముద్రం వైపు వెళ్ళే దారిలో ఉన్న చిన్న ఊరు. ఊరు చుట్టూ కొబ్బరి, పనస, జీడిమామిడి. ఆ తోటల సీమనంతా ఉద్దానమంటారు. సంధ్య పుట్టింది టెక్కలి దాటాక వరిపొలాల్లో. గుమ్మంలో నిలబడితే రెండు ఊళ్ళ అవతలి మనిషి కూడా కనబడే చోటు. పెళ్ళయి ఉద్దానం వచ్చిన కొత్తలో ఆమెకు ఈ తోటలంటే దడ. పట్టపగలు కూడా కింద మసక చీకటి. పది అడుగులు వేస్తే దారి మూసుకుపోయినట్టుండేది. మొగుడు ఢిల్లేశ్వరరావు తెల్లారగానే ఆటో తీసుకుని పలాస పోయేవాడు. కోడలి చెయ్యి పట్టుకుని తోటంతా తిప్పింది పెద్దతల్లే. ఏ చెట్టు ఎవరు నాటారో, ఏ పనస తియ్యనో, ఎక్కడ పాముల పుట్టలున్నాయో చెబుతూ నడిచేది. కొన్నాళ్ళకు సంధ్యకు ఆ మసకే చల్లగా అనిపించింది.

తరువాత తిత్లీ తుపాను వచ్చింది. ఆ గాలికి ఉద్దానం నేలకు ఒరిగిపోయింది. తెల్లారి తలుపు తీస్తే ఎదురుగా ఆకాశం కనబడింది. అంతకు ముందు ఆ గుమ్మంలోంచి ఆకాశం చూసినవాళ్ళు లేరు. తాతల నాటి జీడిచెట్లు వేళ్ళు పైకి పెట్టుకుని పడున్నాయి. తోటలు పోయాయని ఊరు ఊరంతా ఏడ్చింది. సంధ్య కూడా ఏడ్చింది. కానీ తరువాత చాలా రోజులు ఆమెను వణికించింది వేరే. ఎక్కడా ఒక్క పిట్ట అరవలేదు. పొద్దున్న లేచి పొయ్యి వెలిగిస్తూ చెవి ఒగ్గితే గాలి తప్ప ఏమీ వినబడేది కాదు. ఊళ్ళో ఎవరో చచ్చిపోయినప్పటి పొద్దులా ఉండేది, రోజూ.

ఆ మరుసటి వేసవిలో, జీడిపళ్ళు రాలాల్సిన చోట మొద్దులు ఎండుతున్న రోజుల్లో, పెరట్లో స్నానాల తడిక పక్కన ఒక పిట్ట ముడుచుకుని కూర్చుని కనబడింది. గోరింకంత ఉంది. తోక ఉందో లేదో అన్నట్టుంది. వీపు ఆకుపచ్చ, రెక్క మీద మెరిసే నీలం, కంటి మీదుగా నల్లటి గీత, పొట్ట కింద కుంకుమ పూసినట్టు ఎరుపు. దగ్గరికి వెళ్ళినా ఎగరలేదు. ముక్కు తెరిచి రొప్పుతోంది. సంధ్య భయపడి అత్తను పిలిచింది.

పెద్దతల్లికి అప్పటికింకా కొంచెం వినబడేది. వచ్చి, వంగి చూసి, తడిక పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"పొన్నంకి పిట్టే ఇది. ఆనకాలం ముందల ఒత్తాది. మన తోటలో నాలుగు దినాలుండి కొండల మీదకి ఎలిపోతాది. సూడు, తోట నేదని తెలక ఒచ్చేసినాది."

మట్టి మూకుడులో నీళ్ళు పెట్టి, పైన కొబ్బరాకు నీడ కట్టారు. సాయంత్రం దాకా అది అక్కడే ఉంది. పొద్దువాలుతుండగా మొద్దుల మధ్యకు గెంతుకుంటూ వెళ్ళి, ఒకసారి రెండు ముక్కలుగా ఈల వేసింది. ఎవరో మనిషి పిలిచినట్టే ఉందా ఈల. తరువాత కనబడలేదు. తుపాను తరువాత అత్త ముఖంలో నవ్వు చూడటం సంధ్యకు అదే మొదటిసారి.

అప్పటినుంచి ఏటా ఎండలు ముదిరే వేళకు ఇద్దరికీ అదొక ఎదురుచూపు. కొత్త జీడి మొక్కలు నాటారు. అవి పెరిగి గొడుగులు విప్పాయి. కింద ఆకు రాలి మెత్తగా పరుచుకుంది. ఆకులు తిరగేసి పురుగులు ఏరుకునే ఆ పిట్టకు కావలసింది అదే. ఒక ఏడు కూత మాత్రమే వినబడేది, ఒక ఏడు కళ్ళబడేది. సంధ్య మిగతా పిట్టల్ని కూడా గమనించడం నేర్చుకుంది. చలికాలం ఉండి మాఘం వెళ్ళగానే మాయమయ్యేవి ఏవో, వేసవిలో దారిన పోతూ ఆగేవి ఏవో ఆమెకు తెలిసొచ్చింది. ఢిల్లేశ్వరరావు నవ్వేవాడు. వంట మాడిపోతున్నా వాసన తెలియదుగానీ, ఫర్లాంగు దూరంలో పిట్ట కూస్తే తెలుస్తుందని ఆటో స్టాండులో చెప్పుకునేవాడు.

పెద్దతల్లి చెవులు మాత్రం ఏడాదికేడాది మూసుకుపోయాయి. చివరికి పక్కన నిలబడి గట్టిగా అరిచినా పెదవులు చూసి అర్థం చేసుకోవడమే. అందుకని అత్తాకోడళ్ళు ఒక సైగ పెట్టుకున్నారు. పొన్నంకి పిట్ట కూత వినబడితే సంధ్య కుడిచెయ్యి పైకెత్తి అరచెయ్యి చూపించాలి. పెద్దతల్లి ఎక్కడున్నదక్కడ ఆగిపోయి, "ఇనిపించినాదేటే?" అని అడిగేది. తన గొంతు తనకే వినబడదు కాబట్టి ఆ మాట తోటంతా మారుమోగేది. పిట్ట ఎగిరిపోయేది. ఇద్దరూ నవ్వుకునేవారు.

కొత్త తోటలు నిండుగా కాపుకొచ్చిన ఏడాది ఎలుగుబంట్లు దిగాయి. మునుపూ ఉండేవి. కానీ కొండవాలున ఎక్కడో కనబడేవి, మనిషి అలికిడికి తప్పుకునేవి. ఈసారి ఊళ్ళ మధ్యకే వచ్చాయి. జీడిపళ్ళు, పనసపళ్ళు పండిన చోటికల్లా వస్తున్నాయి. ఒకరి పెరట్లో కొబ్బరినూనె సీసా పగలగొట్టి నాకిందన్నారు. ఇంకొకరి గుడిసె తలుపు గీరిందన్నారు. తరువాత, రెండూళ్ళ అవతల, పొద్దున్నే పనసచెట్టు దగ్గరికి వెళ్ళిన ఒక రైతు తిరిగి రాలేదు. వెతకడానికి వెళ్ళినవాళ్ళు గుడ్డ కప్పి తెచ్చారు. ముఖం చూడనివ్వలేదు.

ఆ రోజు నుంచి ఉద్దానంలో మాటల తీరే మారిపోయింది. సాయంత్రం దీపాలు పెట్టకముందే తలుపులు మూసేసేవారు. తోటలకు వెళ్ళేవాళ్ళు గుంపులుగా, డబ్బాలు మోగించుకుంటూ వెళ్ళేవారు. అటవీశాఖ వాళ్ళు జీపులో తిరిగి ఒంటరిగా వెళ్ళొద్దని మైకులో చెప్పారు. సంధ్యకు పాత దడ మళ్ళీ పట్టుకుంది. కొత్తకోడలిగా ఉన్నప్పటి భయానికి రూపం లేదు. ఇప్పుడు దానికి నల్లటి జూలూ గోళ్ళూ ఉన్నాయి. గుంపులో ఉన్నా ఆమె మిగతావాళ్ళలా డబ్బా వాయించలేకపోయేది. ఆ మోతలో పిట్టలేమంటున్నాయో వినబడవని ఆమె కంగారు. తోటలో పిల్లి నడిచినా, పాము కదిలినా ముందు తెలిసేది పిట్టలకే. పిట్టల అరుపు వినబడకపోతే ఆమెకు కళ్ళకు గంతలు కట్టినట్టుండేది.

జీడిపిక్కలు చెట్టున ఉండవు. పండు రాలితే ఏరుకోవాలి. ఏరకపోతే నాలుగు చినుకులకే నల్లబడిపోతాయి. ఢిల్లేశ్వరరావు వెళ్ళొద్దనే అన్నాడు. పిక్కలు పోతే పోనీ, మనిషి పోతే నానేటి సేసేదని తల్లి ముందు నిలబడి, పెదవులు కనబడేలా మెల్లగా చెప్పాడు. పెద్దతల్లి వింది, అంటే చూసింది. కూలిన తోటను మళ్ళీ కాపుకు తెచ్చింది కుళ్ళబెట్టుకోవడానికా అని అడిగింది. దాంతో అతను, అందరితో కలిసి వెళ్ళి అందరితో కలిసి తిరిగి రావాలని ఒప్పించి ఆటో తీశాడు.

కొన్నాళ్ళు అలాగే జరిగింది. ఆ వారం మాత్రం పక్క తోటల ఆడవాళ్ళు జలంత్రకోటలో పెళ్ళికి వెళ్ళిపోయారు. ముందురోజు సాయంత్రం మబ్బు పట్టి నాలుగు చినుకులు పడ్డాయి కూడా. ఎండ బాగా ఎక్కాక, వెలుగులో వెళ్ళి త్వరగా వచ్చేద్దామంది పెద్దతల్లి. సంధ్యకు మనసొప్పలేదు. కానీ అత్త బుట్ట తీసుకుని బయల్దేరితే ఒంటరిగా పంపలేక అల్యూమినియం బకెట్టు పట్టుకుని వెనకాలే నడిచింది.

గట్టు మీద ఆగి వింది. పిగిలిపిట్టలు పళ్ళ మీద దెబ్బలాడుకుంటున్నాయి. ఎక్కడో కోయిల. తప్పుగా ఏమీ తోచలేదు. దిగారు.

పెద్దతల్లి ఒక పెద్ద చెట్టు కింద గొంతుక్కూర్చుంది. పండు నుంచి పిక్క మెలితిప్పి బుట్టలో వేస్తోంది, పండును పక్కకు పడేస్తోంది. ఆమె పక్కన పళ్ళ కుప్ప పెరుగుతోంది. ముందురోజు చినుకులకు తడిసిన పళ్ళ పులుపు వాసన తోటంతా పట్టేసింది. సంధ్య కొంచెం ఎడంగా, అత్త ముఖం కనబడేలా కూర్చుంది. అత్త వెనక ఏముందో కూడా ఆమెకు కనబడుతుంది. ఆ వేసవంతా ఆమె అలాగే కూర్చుంటోంది.

అప్పుడే వినబడింది. రెండు ముక్కల ఈల. తల తిప్పితే మొదటి చూపులోనే దొరికింది. పెద్దతల్లికి కుడివైపు, తడిసిన ఆకుల మీద, పచ్చటి వీపు. గెంతి, ఆగి, ఆకు తిప్పి, మళ్ళీ గెంతుతోంది. అన్ని దినాల భయంలో ఎప్పుడొచ్చిందో తెలియకుండా ఒక సంతోషం సంధ్య గుండెలో లేచింది. చెయ్యి ఎత్తబోయింది.

ఎత్తకముందే పిట్ట కదలడం మానేసింది. మెడ సాచి అత్త వెనకనున్న పొదల వైపు చూసింది. మరుక్షణం లేదు. ఆ పొదల్లోంచి గోలపిట్టల గుంపు ఒక్కసారిగా రేగింది. కొట్టుకున్నట్టు అరుస్తూ పైకొమ్మలకు ఎక్కేసి, అరుపు ఆపేశాయి. కోయిల కూడా ఆగిపోయింది. తిత్లీ తరువాత విన్నటువంటి నిశ్శబ్దం.

పొద విడిపోయి ఎలుగు బయటికి వచ్చింది. తెల్లటి మూతి, మాసిన నలుపు జూలు. వీపు మీద పిల్ల అతుక్కుని ఉంది. మనుషుల్ని చూసినట్టు లేదు. మూతి నేలకు ఆనించి, గాలి బుస్సు బుస్సుమని పీలుస్తూ, పళ్ళ కుప్ప వైపు తిన్నగా వస్తోంది. ఆ కుప్ప పక్కనే, ఎలుగుకు వీపు పెట్టి, పెద్దతల్లి పిక్కలు మెలితిప్పుతోంది.

సంధ్య నోరు తెరిచింది. శబ్దం రాలేదు. వచ్చినా అత్తకు వినబడదు, ఎలుగుకు వినబడుతుంది. పిల్లతల్లి ఉలిక్కిపడితే ఆగదని ఊళ్ళో అందరూ చెప్పుకుంటూనే ఉన్నారు. అది కుప్ప దగ్గరికొచ్చి పళ్ళు తిని దాని తోవన పోవచ్చు. అత్త కదలకపోతే చాలు. ఒక పచ్చి పిక్క తీసి అత్త కాళ్ళ దగ్గరికి విసిరింది. పెద్దతల్లి తలెత్తి కోడలి వైపు చూసింది. కదలొద్దని, ఉన్నచోటే ఉండమని, సంధ్య అరచెయ్యి పైకెత్తి చూపించింది.

పెద్దతల్లి ముఖం విచ్చుకుంది. చేతిలో పండు కింద పెట్టింది.

"ఇనిపించినాదేటే?" అంది.

ఎలుగు వెనకకాళ్ళ మీద లేచింది. ఆ తరువాత జరిగింది సంధ్య ఎవరికీ వరసగా చెప్పలేకపోయింది. అత్త ముందుకు పడిపోవడం, ఆమె మీద నలుపు కమ్మేయడం, తెల్లజుట్టు మీద గోళ్ళు. పరిగెత్తిందో పాకిందో తెలియదు. బకెట్టుతో దాని వీపు మీద, మూతి మీద కొట్టింది. కొడుతూ అరిచింది. అప్పటిదాకా రాని గొంతు అప్పుడు ఆగలేదు. ఎలుగు తిరిగి ఒక్క చరుపు చరిచింది. ముంజేయి మోచేతి దాకా చీరుకుపోయింది. ఇంకోసారి కొట్టేదే. ఇంతలో పిల్ల వీపు మీంచి జారిపడి కీచుమంది. తల్లి అటు తిరిగింది. పిల్ల తడబడుతూ ఎక్కి జూలు పట్టుకోగానే రెండూ పొదల్లోకి వెళ్ళిపోయాయి.

తోట అవతలి రోడ్డు మీద పోతున్నవాళ్ళు అరుపు విని వచ్చారు. పెద్దతల్లిని దుప్పటిలో మోసుకుని వెళ్ళారు. పలాస ఆసుపత్రిలో కట్లు కట్టి శ్రీకాకుళం పంపించారు. ఢిల్లేశ్వరరావు అంబులెన్సులో తల్లి పక్కన కూర్చున్నాడు. మధ్యమధ్య భార్య చేతి కట్టును తాకి చూశాడు.

పెద్దతల్లి బతికింది. తల మీద చర్మం కుట్టారు. ఎడమకన్ను పోయింది. డాక్టర్లు ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేదన్నారు. ఊళ్ళో ఎలుగును చంపేయాలని కొందరు కత్తులూ కర్రలూ పట్టుకుని బయల్దేరారు. ఈలోగా అటవీశాఖ వాళ్ళు ఎక్కడో ఒకదాన్ని మత్తుమందిచ్చి పట్టుకెళ్ళారు. అది ఇదేనా, మరొకటా, దాని వెంట పిల్ల ఉందా అని సంధ్య అందర్నీ అడిగింది. ఎవరూ తిన్నగా చెప్పలేదు.

ఇంటికి వచ్చాక ఆమెకు నిద్ర ఉండేది కాదు. పగలు అంతకన్నా కష్టంగా ఉండేది. పెరట్లో గోలపిట్టలు మామూలుగా అరిచినా చేతిలో గిన్నె వదిలేసి వచ్చి తలుపు గడియ పెట్టేసేది. అరుపు ఆగిపోతే ఇంకా హడలిపోయేది. ఏళ్ళ తరబడి ముచ్చటపడి నేర్చుకున్నదంతా ఇప్పుడు ఆమె మీదికే తిరిగింది. చెవులు మూసుకుందామన్నా అవి వినడం మానలేదు.

పెద్దతల్లి కోలుకున్నాక ఒకనాడు, కోడలు జుట్టు కుట్లకు తగలకుండా దువ్వుతుంటే, ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"నువ్వు సెయ్యెత్తితే పిట్టనుకున్నాను నాను. ఎలుగునా సూపించినావు?"

సంధ్య ఎదురుగా వచ్చి కూర్చుంది. ఒక్క కంటితో పెదవులు చదవడం అత్తకు ఇంకా అలవాటు కాలేదు. అందుకని మెల్లగా చెప్పింది.

"పిట్టా ఉన్నాది అత్తా. ముందల పిట్టే ఒచ్చినాది."

"సూసినావా?"

"సూసినాను. నీ పక్కనే ఉన్నాది."

పెద్దతల్లి గుప్పెట బిగించి గుండె మీద కొట్టుకుని చూపించింది. ఇకమీదట భయమైతే ఇలా చెయ్యమంది. కోడలిచేత కూడా రెండుసార్లు చేయించింది.

ఆ మరుసటి వేసవికి తోటను ఢిల్లేశ్వరరావు వేరేవాళ్ళకు కౌలుకిచ్చేశాడు. సంధ్య వద్దనలేదు. గట్టు దాకా వెళ్ళి నిలబడటానికి ప్రయత్నించింది. గట్టు కనబడే చోటే ఆగిపోయింది. లోపల నుంచి ఈల లాంటిదేదో వినబడింది. అది పొన్నంకి పిట్టో, కౌలుకు తీసుకున్న మనిషి వేసిన ఈలో తేల్చుకోకుండానే వెనక్కి వచ్చేసింది.

ఏప్రిల్ నెలలో ఆమె అక్క రజని కబురు పెట్టింది. రజనిని ఇచ్చింది నౌపడా ఉప్పుమళ్ళ దగ్గర ఊళ్ళో. కొన్నాళ్ళు అత్తను తీసుకుని వచ్చి ఉండమంది. వెళ్ళారు. రజని మొగుడు బైరాగికి ఉప్పుమళ్ళలోనే పని. సాయంత్రం అతను ఇద్దర్నీ గట్టు మీదకు తీసుకెళ్ళాడు. ఎటు చూసినా బల్లపరుపు నేల. చెట్టు లేదు, పొద లేదు. మళ్ళలో మిగిలిన నీళ్ళ మీద చిన్నచిన్న పిట్టలు ముక్కులు గుచ్చుకుంటూ పరుగులు తీస్తున్నాయి. కొన్నింటికి పొట్ట కింద కొత్తగా ఎరుపు దిగింది. బాగా మేసి బలిసి ఉన్నాయి.

"ఇంకొన్ని దినాలే ఉంటాయి. ఒకనాడు పొద్దున్న సూస్తే ఉండవు. ఎక్కడికో సలి దేశాలకి ఎలిపోతాయంతారు," అన్నాడు బైరాగి. పనుండి అతను మడుల వైపు వెళ్ళాడు.

సంధ్య ముందు చుట్టూ చూసింది. వెనక్కి తిరిగి కూడా చూసింది. తరువాత అత్తను కూర్చోబెట్టి తానూ కూర్చుంది. పెద్దతల్లి కుడికంటితో నీళ్ళ వైపు చూస్తూ ఆ పిట్టల పేరేమిటని అడిగింది. ఉల్లంకులని చెప్పింది సంధ్య. అన్నీ అవేనో కాదో తనకూ తెలియదంది. ఇక్కడ వినవలసిన పని లేకుండా కళ్ళకే అన్నీ కనబడుతున్నాయి. చాలా నెలల తరువాత ఆమె భుజాలు కొంచెం కిందికి దిగాయి.

ఉన్నట్టుండి గుంపంతా ఒక్కసారి లేచింది. వేల రెక్కలు తల మీదుగా చాప దులిపినట్టు తిరిగాయి. సంధ్య అప్పటికే లేచి నిలబడి, అత్త భుజాన్ని గట్టిగా పట్టుకుని, నాలుగు దిక్కులా చూస్తోంది. దూరంగా గట్టు మీద సైకిలు నడిపించుకుంటూ ఒక మనిషి వస్తున్నాడు. ఇంకేమీ లేదు. గుంపు ఒక చుట్టు చుట్టి అవతలి మడిలో మళ్ళీ వాలింది.

పెద్దతల్లి భుజం మీది చేతిని తట్టి కూర్చోమంది. సంధ్య కూర్చుంది. సైకిలు మనిషి దాటిపోయేదాకా అతన్నే చూస్తూ ఉండి, అప్పుడు మళ్ళీ పిట్టల వైపు తిరిగింది.